కోడలి కాలి కొలత

పర్చూరు బస్టాండు ఎదురుగా నీలం బోర్డు ఉన్న కొట్లో జాన్ బాషా నలభై ఏళ్ళుగా చెప్పులు అమ్ముతున్నాడు. తాత దూది ఏకాడు. నాన్న దూది ఏకుతూ పరుపులు కుట్టాడు. మిల్లు పరుపులొచ్చి ఆ పని కాస్తా పోయాక బాషా చెప్పుల్లోకి దిగాడు. దిగినవాడు ఊరికే దిగలేదు, కాలు చూసి నంబరు చెప్పడంలో చుట్టుపక్కల పాతిక ఊళ్ళలో తనంతవాడు లేడనిపించుకున్నాడు. మనిషి గుమ్మం ఎక్కేలోపే "ఎనిమిది" అనో, "అయిదు, వెడల్పు పాదం" అనో అనేసేవాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళని పీట మీద కూర్చోబెట్టి, తను కింద గొంతుక్కూర్చుని, కాలు ఒళ్ళోకి తీసుకుని, మడమ దగ్గర్నుంచి వేళ్ళ చివరిదాకా బొటనవేలితో ఒకసారి నొక్కి చూసి, అప్పుడు పెట్టె దించేవాడు. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదని ఆయనే చెప్పేవాడు. వినేవాళ్ళు అవునవునని తలూపేవాళ్ళు, ఊపక ఏం చేస్తారు, కాలు ఆయన చేతిలో ఉండేది.

అలాంటివాడికి అరవై రెండో ఏట ఒక్క జత బూట్లు చుక్కలు చూపించాయి.

బూట్లు కోడలి కోసం. కోడలు షమీమ్ పెదనందిపాడు వైపు హైస్కూల్లో సోషల్ టీచరు. ఏడేళ్ళ కిందట బాషా కొడుకు షఫీక్‌ని చేసుకుని ఈ ఇంటికొచ్చింది. షఫీక్ గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు, ఆదివారం మాత్రమే ఇంటికొస్తాడు. ఏప్రిల్ మొదటి ఆదివారం అందరూ అన్నాలు తింటుండగా షమీమ్ ఒక కాగితం తీసి పక్కన పెట్టింది. మే నెలలో స్కౌట్స్-గైడ్స్ తరఫున ఇరవైమంది అమ్మాయిల్ని హిమాలయాల్లో పదిరోజుల క్యాంపుకి తీసుకెళ్తున్నారు. వాళ్ళ వెంట వెళ్ళే ఇద్దరు టీచర్లలో షమీమ్ పేరు వచ్చింది.

"మంచు మీద నడుస్తారా?" అంది అత్తగారు ఖైరున్నీసా, పప్పు గరిటె గాల్లోనే ఆపి.

"మంచు కనబడేదాకా నడుస్తాం అత్తయ్యా" అంది షమీమ్. అనేటప్పుడు ఆ పిల్ల కళ్ళు చూడాల్సిందే.

ఎందుకంటే ఆమె ఎనిమిదేళ్ళుగా హిమానీనదం పాఠం చెబుతోంది. నల్లబల్ల మీద తెల్ల సుద్దతో కొండ గీసి, కొండ మీంచి గడ్డకట్టిన ఏరు మెల్లగా ఎట్లా జారుతుందో చేత్తో చూపిస్తుంది. మూడేళ్ళ కిందట ఒక పిల్ల లేచి, "టీచర్, మీరు చూశారా?" అనడిగింది. కొండ అన్నదే కనపడని నల్లరేగడి నేలలో పుట్టి పెరిగిన మనిషి, చూడలేదని చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు. అయినా ఆ రోజు షమీమ్ ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు. అప్పట్నుంచి దరఖాస్తులు పెడుతూనే ఉంది, మూడోసారికి పేరొచ్చింది.

కాగితంలో తెచ్చుకోవాల్సిన సామాను జాబితా ఉంది. అందులో మొట్టమొదటిది హైకింగ్ బూట్లు. చీలమండ కప్పాలి, నీళ్ళు చొరబడకూడదు, కనీసం రెండు వారాలు వాడి కాలికి అలవాటు చేసుకునుండాలి. ఏప్రిల్ ఇరవై ఏడున కొండవీడు కొండ ఎక్కించి దింపి చూస్తారట. బూట్లు సరిపడక బొబ్బలు తెచ్చుకున్నవాళ్ళ పేరు అక్కడికక్కడే కొట్టేసి, వెయిటింగ్ లిస్టులో ఉన్న టీచర్ని తీసుకుంటారట. అంటే లెక్క ప్రకారం పదమూడో తేదీకల్లా బూట్లు కాళ్ళకుండాలి.

"ఫోన్లో పెట్టేస్తే మూడ్రోజుల్లో ఇంటికొస్తాయి" అన్నాడు షఫీక్, ఎడమచేత్తో ఫోను తీస్తూ.

బాషా ముద్ద కంచంలో పడేశాడు. "చెప్పుల కొట్టువాడి కోడలు ఫోన్లో చెప్పులు కొనుక్కుంటుందంట్రా? ఊళ్ళో నన్ను తలెత్తుకు తిరగనివ్వవా?"

"చెప్పులు కాదు నాన్నా, హైకింగ్ బూట్లు. మన కొట్లో ఉండవవి."

"ఉండకపోతే తెప్పిస్తా. కాలికి వేసుకునేవేగా, నెత్తిన పెట్టుకునేవి కాదుగా?"

"సరే, షమీ, నీ నంబరెంత?" అన్నాడు షఫీక్ పెళ్ళాం వైపు తిరిగి.

షమీమ్ నోరు తెరిచింది.

"ఆరు" అన్నాడు బాషా. "ఈ ఇంట్లో కాళ్ళ నంబర్లు నన్నడగాలి."

షమీమ్ నోరు మూసుకుని మంచినీళ్ళు తాగింది.

మర్నాడు పొద్దున్నే బాషా గుమ్మం బయట విప్పి ఉన్న కోడలి చెప్పు ఒకటి సంచిలో వేసుకున్నాడు. మామూలుగా అయితే ఆయన చెప్పుని నమ్మడు, కాలునే నమ్ముతాడు. ఎమ్మార్వో గారి భార్య కాలైనా, మిరపకాయలు కోసి వచ్చిన కూలమ్మ కాలైనా ఒళ్ళో పెట్టుకోనిదే పెట్టె దించడు. కానీ కోడలి కాలు వేరే సంగతి. కోడలికి ఎదురుగా కాలు చాపుక్కూడా కూర్చోడు ఆయన.

"ఒకసారి కాలు పట్టుకు చూడకపోయారా?" అంది ఖైరున్నీసా.

"బుద్ధుందా నీకు? కోడలి కాలు పట్టుకుంటానా? పెద్దవాణ్ణి నేను కాళ్ళు ముట్టుకుంటే ఆ పిల్ల ఆయుష్షు ఏంగాను?"

"ఏం లేదులెండి, అన్నాను. వెళ్ళండి."

వెళ్ళే ముందు బాషా ఆ చెప్పుని వెలుగులో తిప్పి చూశాడు. పోయిన రంజానుకి తను తెచ్చిచ్చిన ఆరో నంబరు చెప్పే. మడమ గుర్తు కాలానే అట్ట మధ్యలో కాక వెనక అంచు మీద పడి, అక్కడ అట్ట నలిగి పల్చబడింది. ఓహో, మడమ వెనక్కేసి నడిచే రకమన్నమాట ఈ అమ్మాయి, అనుకున్నాడు. అట్లా అనుకోవడమే ఆయన చేసిన పొరపాటు. అది అప్పుడు ఆయనకి తెలియదు గనక గుంటూరు బస్సెక్కి హాయిగా కూర్చున్నాడు.

బ్రాడీపేటలో ఆటల సామాను అమ్మే పెద్ద కొట్టొకటి ఉంది. రెండో అంతస్తులో బూట్లు. అక్కడి సేల్స్‌మన్ వీరబాబుకి నలభై అయిదేళ్ళుంటాయి. మెళ్ళో కొలత టేపు, నోట్లో ఇంగ్లీషు. బాషా తన పేరు, ఊరు, నలభై ఏళ్ళ సర్వీసు చెప్పుకుని, "హైకింగ్ బూట్లు, ఆడపిల్లకి, ఆరు" అన్నాడు.

"హైకింగా, ట్రెక్కింగా, ట్రెయిల్ రన్నింగా సార్?"

బాషా బిత్తరపోయాడు. "కొండ ఎక్కుద్దండీ."

"లో కట్టా, మిడ్ కట్టా, హై కట్టా?"

"చీలమండ మూతపడాలి."

"అంటే మిడ్డు. లెదరా, సింథటిక్కా? వాటర్‌ప్రూఫా, మామూలుదా?"

"నీళ్ళు చొరబడకూడదు."

"అయితే ఇది చూడండి. బయటి నీళ్ళు లోపలికి రానివ్వదు. లోపలి చెమటని మాత్రం బయటికి పంపించేస్తుంది."

బాషా బూటుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, లోపల చెయ్యి పెట్టి చూశాడు. "ఇటు నుంచి పోయే తోవ ఉన్నప్పుడు అటు నుంచి రావడానికి లేకుండా ఎట్లా పోద్దండీ? అదేమన్నా బస్టాండు గేటా?"

"టెక్నాలజీ సార్" అన్నాడు వీరబాబు.

నలభై ఏళ్ళలో ఆయన తోలు చూశాడు, రెక్సిన్ చూశాడు, రబ్బరు చూశాడు, ఇలాంటి మాట మాత్రం చెప్పుల విషయంలో వినలేదు. పైగా ఒక్క బూటు నాలిక మీదే మూడు నంబర్లున్నాయి. ఇంగ్లండువాళ్ళకి ఆరట, యూరోపువాళ్ళకి ముప్పై తొమ్మిదట, సెంటీమీటర్లలో ఇరవై అయిదట. ఒకే కాలికి దేశానికో నంబరేమిట్రా నాయనా అనుకుని, చివరికి ఆరు అన్న అంకె ఒక్కటే తెలిసిన మొహంలా కనిపించడంతో దాన్నే పట్టుకున్నాడు.

"మేడమ్ గారు వచ్చి ఒకసారి వేసుకుని చూస్తే బాగుంటుంది సార్" అన్నాడు వీరబాబు.

"అక్కర్లేదు. నేను చూశాను."

సాయంత్రం షమీమ్ బూట్లు వేసుకుని వరండాలో నాలుగడుగులు వేసి, "బాగున్నాయి మామయ్యా" అంది. బాషా ఖైరున్నీసా వైపు గర్వంగా ఒక చూపు విసిరాడు. కానీ చెప్పులవాడి కళ్ళు ఊరుకోవుగా. నాలుగో అడుగులో కోడలు కాలిన పెనం మీద నడుస్తున్నట్టు వేళ్ళు ఎత్తి వేస్తోందని కనిపెట్టేశాడు. కొత్తవి కదా అని సరిపెట్టుకున్నాడు.

రెండో రోజు షమీమ్ బడి నుంచి కుంటుతూ వచ్చింది. "ఏమ్మా, నొక్కుతున్నాయా?" అంటే, "అబ్బే, లేదు మామయ్యా" అంది. గంట తర్వాత పెరట్లో వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం కనబడింది.

బాషా బుర్రలో తిరగలి మొదలైంది. పొడుగు తప్పే ప్రశ్న లేదు, ఆరంటే ఆరే. అయితే వెడల్పు తక్కువై ఉండాలి. మళ్ళీ బస్సు, మళ్ళీ బ్రాడీపేట. వెడల్పు పాదానికి కుట్టిన ఆరు తెచ్చాడు. "ఇవి ఇంకా బాగున్నాయి మామయ్యా" అంది కోడలు. చిటికెన వేలికి దూది చుట్టుకుంది.

కొండ దిగేటప్పుడు బూటు అసలు రంగు బయటపడుతుందని వీరబాబు చెప్పాడు. సరే, దింపి చూద్దామంటే పర్చూరులో కొండేది? ఎటు చూసినా శనగచేలు, పత్తి మోళ్ళు, కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. గోలీ వదిలితే ఉన్నచోటే ఉండే నేల అది. ఆలోచించి ఆలోచించి బాషా కోడల్ని ఊరి చివర కోల్డ్ స్టోరేజీ దగ్గరికి తీసుకెళ్ళాడు. బస్తాలు మోయడానికి అక్కడొక సిమెంటు ర్యాంపు ఉంది. ఆ చుట్టుపక్కల ఏటవాలు అన్నది అదొక్కటే. ముఠా కూలీలు మిర్చి టిక్కీ బస్తాలు భుజాన వేసుకుని పైకెక్కుతుంటే, వాళ్ళ మధ్య నుంచి సోషల్ టీచరు షమీమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఘాటుకి దగ్గుతూ, బూట్లేసుకుని కిందికి దిగింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది.

"ఏంది బాషా, కోడలికి ముఠాలో పని ఇప్పిస్తన్నావా?" అని మేస్త్రి కేకేశాడు.

"హిమాలయాలు ఎక్కుద్దిరా మా కోడలు, నువ్వు టిక్కీలు లెక్కబెట్టుకో!" అని బాషా అంతకంటే పెద్ద కేక వేశాడు.

వేశాడే గానీ చూపు కోడలి మొహం మీదే ఉంది. ఎక్కేటప్పుడు మామూలుగానే ఉంది. దిగేటప్పుడు ప్రతి అడుక్కీ కళ్ళు చిట్లించి పెదవి కొరుక్కుంటోంది.

"బాగున్నాయంటూనే మొహం అట్లా పెడతావేంటమ్మా?"

"ఎండ మామయ్యా."

సాయంత్రం ఆరున్నర. పొద్దు కోల్డ్ స్టోరేజీ వెనక్కి దిగిపోయి పావుగంటైంది.

ఆ తర్వాత నాలుగు రోజులు బాషాకి నిద్రాహారాలు లేవంటే అతిశయోక్తి కాదు. మెత్తటి తోలు ఆరు తెచ్చాడు, కుదరలేదు. ముందు భాగం గుండ్రంగా ఉన్న ఆరు తెచ్చాడు, అదీ కుదరలేదు. కొట్లో బేరాలు వస్తుంటే ఎదురుగా నిలబడ్డ మనిషిని చూస్తూ నంబరు చెప్పడం మర్చిపోయాడు. మూడో జత వెనక్కి పట్టుకెళ్ళినప్పుడు వీరబాబు రెండు చేతులూ జోడించి, "సార్, మీరు ఎన్నిసార్లన్నా రండి, మార్చిస్తాను. కానీ ఒకే ఒక్కసారి ఆ కాలుని కూడా తీసుకురండి సార్" అన్నాడు.

"కాలు నాకు తెలుసయ్యా!" అని బాషా గయ్యిమన్నాడు. బస్సెక్కాక మాత్రం, ఏం తెలుసు నీ మొహం, అని తనని తానే తిట్టుకున్నాడు.

ఆఖరికి ఇంట్లో ఒక ఉపాయం చేశాడు. న్యూస్‌పేపరు మీద కోడల్ని నిలబెట్టి చుట్టూ పెన్సిల్ గీసి తెమ్మని ఖైరున్నీసాని పురమాయించి, తను పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. కాగితం వచ్చింది. దాని మీద కోడలి చెప్పు పెట్టి చూస్తే చుట్టూ గీత బయటికి కనబడుతోంది. ముందు అర అంగుళం, వెనక కొంచెం.

"పెన్సిల్ నిటారుగా పట్టుకోమన్నానా లేదా? వంకరగా పట్టుకుని ఊళ్ళో కాళ్ళన్నీ కలిపి గీసుకొచ్చావు!"

"నేను నిటారుగానే పట్టుకున్నాను" అంది ఖైరున్నీసా. "వంకర పెన్సిల్లో లేదు."

"మరెక్కడుంది?"

ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. బాషా కాగితాన్నీ చెప్పునీ ముందేసుకుని కూర్చున్నాడు. కాగితం ఏడంటోంది. చెప్పు ఆరంటోంది. ఏడాది నుంచి ఆ అమ్మాయి రోజూ వేసుకుని తిరిగిన చెప్పు అబద్ధమెందుకు చెబుతుంది? చెప్పు నిజమైతే కాగితం తప్పు. కాగితం నిజమైతే... ఆ తర్వాత ఏమవుతుందో ఆలోచన అక్కడికి వెళ్ళేది కాదు, ప్రతిసారీ సగంలో వెనక్కి వచ్చేసేది. కాగితం మడిచి కొట్లో గల్లాపెట్టె కింద పెట్టేశాడు.

పన్నెండో తేదీ మధ్యాహ్నం షమీమ్ కొట్టుకొచ్చింది. ఒంటిపూట బడి, మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద కుక్క కూడా లేదు. చేతిలో నాలుగో జత బూట్ల పెట్టె ఉంది.

"మామయ్యా, ఇవి వెనక్కి ఇచ్చేయండి. నేను పేరు తీసేయించుకుంటానని హెచ్చెమ్ గారికి చెబుదామనుకుంటున్నా."

"ఎందుకు?"

"మీరు ఎండల్లో తిరగలేకపోతున్నారు. వెయిటింగులో ఉన్న టీచర్ కూడా బాగా చెబుతుంది. ఆమెని పంపిస్తారు. నేనెప్పుడైనా వెళ్ళొచ్చులెండి." ఆమె నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం పెట్టె మీదే ఉన్నాయి.

బాషాకి కోపం వచ్చింది. కోడలి మీద కాదు, ఎవరి మీదో తెలియడం లేదు. మూడేళ్ళు దరఖాస్తులు పెట్టిన పిల్ల, మంచు పేరెత్తితే మొహం వెలిగిపోయే పిల్ల, ఒక జత బూట్లు కుదరక ఆగిపోతుందా? అదీ చెప్పుల కొట్టున్న ఇంట్లో?

"అట్లా కూర్చో" అన్నాడు, బేరాలవాళ్ళ పీట చూపించి.

ఆమె కూర్చుంది. బాషా తన ముక్కాలి పీట పక్కకి నెట్టేసి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నేల మీద కూలబడి, చెయ్యి చాపాడు.

"కాలు ఇవ్వమ్మా."

షమీమ్ దిగ్గున లేచి నిలబడింది. "వద్దు మామయ్యా! మీరేంటి, నా కాళ్ళేంటి! పాపం తగులుతుంది నాకు."

"ఇది ఇల్లు కాదు, కొట్టు. ఈ పీట మీద కూర్చున్నవాళ్ళకి నేను మామయ్యని కాను, చెప్పులవాణ్ణి. కూర్చో. పాపం తగిలితే నాకు తగల్నీ."

ఆమె కూర్చుంది. కూర్చుని రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. బాషా కోడలి కుడి కాలు ఒళ్ళోకి తీసుకున్నాడు.

మడమ దగ్గర బొటనవేలు ఆనించగానే ఆయనకి సగం తెలిసిపోయింది. అక్కడ చర్మం గట్టిపడి చుట్టూ అంచు కట్టింది. ఏళ్ళ తరబడి అట్ట దాటి బయటికొచ్చి, చెప్పు అంచు మీద ఒరుసుకున్న మడమ అది. బొటనవేలు ముందుకి జరిగింది. రెండో వేలు కొక్కెంలా వంగి ఉంది, దాని కణుపు మీద పాత ఆనికాయ, రాయిలా ఉంది. చిటికెన వేలి గోరు నల్లబడి చచ్చిపోయింది. దానికి చుట్టిన దూది నాలుగు రోజుల నాటిది, ఆనికాయ నాలుగు రోజులది కాదు. ఇలాంటి కాళ్ళు ఆయన బోలెడు చూశాడు. చూసిన ప్రతిసారీ ఒకటే తిట్టేవాడు: "ఏ గుడ్డిసన్నాసి అమ్మాడమ్మా నీకీ చెప్పులు?"

ఆ మాట అలవాటు కొద్దీ నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఏడు రంజాన్లు. ఏడు జతలు. పెళ్ళయిన మొదటి రంజానుకి, గోరింటాకు పెట్టుకున్న కొత్త కోడలు గుమ్మంలో నిలబడితే, చీర కుచ్చిళ్ళ కింద నుంచి కనబడ్డ నాలుగు వేళ్ళు చూసి, ఇంటినిండా చుట్టాలుండగా "ఆరు!" అని ప్రకటించింది ఎవరు? తనే. తప్పిన రోజు లేదని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాడే, ఆ లెక్కంతా కంటిది కాదు, ఈ బొటనవేలిది. కన్ను ఏదో ఒకటి వాగేది, వేలు మెల్లగా సరిదిద్దేది. ఈ ఒక్క కాలి దగ్గరే వేలికి పని లేకుండా పోయింది. తను ఇచ్చిన తప్పు చెప్పునే సంచిలో వేసుకుని, దాన్నే సాక్ష్యం పెట్టుకుని, బ్రాడీపేట చుట్టూ తిరిగాడు.

"ఏడు" అన్నాడు బాషా. గొంతు ఆయనకే వినబడలేదు. "ఏడు కదమ్మా?"

షమీమ్ చేతులు తియ్యకుండానే తలూపింది.

"మరి చెప్పవే! ఏడేళ్ళు నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"ఎట్లా చెప్పను మామయ్యా? ఆ రోజు మీరు ఆరనగానే అందరూ చప్పట్లు కొట్టారు. వేసుకుని చూడమ్మా అని మీరు అంత సంతోషంగా నిలబడ్డారు. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు, నాకని ఎవరూ చెప్పులు కొనుక్కొచ్చింది లేదు. కాదనాలనిపించలేదు. మరుసటేడు చెబుదామనుకున్నా. అప్పటికి మీరు అందరికీ చెప్పేశారు, మా కోడలిది ఆరని. ఇంకెట్లా చెప్పేది?"

నలభై ఏళ్ళు ఊళ్ళో కాళ్ళన్నిటికీ సుఖం చెప్పినవాడు సొంత ఇంట్లో ఒక పిల్ల కాళ్ళని ఏడేళ్ళు నలిపేశాడు. సిగ్గేసింది. ఏడుపొచ్చింది. తల వంచుకుని ఉండటంతో కన్నీటిబొట్టు కోడలి పాదం మీదే పడింది. ఆమె కాలు వెనక్కి లాక్కోబోతే వదల్లేదు.

"బాషా గారూ, మా అమ్మకి మెత్తటి చెప్పులు కావాలండీ" అంటూ ఎవరో ఎండలోంచి గుమ్మమెక్కారు.

"కాసేపు ఆగండి" అన్నాడు బాషా తలెత్తకుండా. "బేరంలో ఉన్నా."

మర్నాడు పదమూడో తేదీ. పొద్దున్న బస్సుకే మామా కోడలూ బ్రాడీపేట వెళ్ళారు. వీరబాబు వాళ్ళని చూసి లేచి నిలబడి, "కాలు వచ్చిందా సార్!" అన్నాడు. బాషా నంబరు చెప్పలేదు. "ముందు కొలవండి" అన్నాడు. వీరబాబు ఇనప కొలతపలక తెచ్చి, బరువంతా వేసి నిలబడమని, ఏడు చూపించి, "మంచులో ఉన్ని సాక్సు వేసుకుంటారుగా సార్, దిగేటప్పుడు వేళ్ళు ముందుకి జారతాయి, ఎనిమిది చూద్దాం" అన్నాడు. సాక్సు! పర్చూరు ఎండల్లో సాక్సు వేసుకున్న కాలు బాషా ఒళ్ళోకి ఎప్పుడొచ్చింది గనక? తలూపాడు.

షమీమ్ మందపాటి సాక్సు మీద ఎనిమిదో నంబరు బూట్లు తొడిగి లేసులు బిగించుకుంది. ఆ కొట్లో రెండో అంతస్తు నుంచి కిందికి మెట్లున్నాయి. దిగి, ఎక్కి వచ్చింది.

"బాగున్నాయా మేడమ్?" అన్నాడు వీరబాబు.

షమీమ్ అలవాటుగా మామగారి వైపు చూసింది. బాషా గోడకున్న ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డాడు.

"లేవు" అంది షమీమ్. "బాగాలేవు మామయ్యా. చీలమండ దగ్గర ఒరుసుకుంటోంది."

"ఇంకోటి తియ్యవయ్యా!" అని బాషా కొట్టు అదిరిపోయేలా అరిచాడు. అంత సంతోషం ఆయన గొంతులో వీరబాబు అప్పటిదాకా వినలేదు.

ఆ తర్వాత జత కూడా బాగాలేదంది. దాని తర్వాతది కొంచెం నయమంది. అయిదో జత వేసుకుని మెట్లు దిగి, మళ్ళీ దిగి, మూడోసారి కూడా దిగింది. ఎన్నిసార్లు దిగినా మొహం మామూలుగానే ఉంది. "ఇవి" అంది. రెండు వారాలు అలవాటు చేసుకోవాలి గనక బూట్లు కాళ్ళకి ఉంచుకునే మెట్లు దిగింది. విప్పిన ఆరో నంబరు చెప్పుల్ని ఖాళీ పెట్టెలో పెట్టించి బాషా తనే చంకన పెట్టుకున్నాడు.

బస్సు ప్రత్తిపాడు దాటింది. కిటికీ బయట కళ్ళాలు ఎర్రగా మెరుస్తున్నాయి. బాషా కోడలి వైపు తిరిగాడు.

"పోయిన రంజానువి సరే. అంతకుముందేడు తెచ్చిన పూసలవో?"

షమీమ్ తటపటాయించింది. "అవి పక్కన కోసేవి మామయ్యా."

"ఆ గోధుమరంగువి? మంచి తోలవి."

"అవి వేసుకున్న రోజు టేబుల్ కింద విప్పేసి పాఠం చెప్పేదాన్ని."

"మరి మొదటేడువి? బంగారు రంగు పట్టీలవి?"

"అయ్యో, అవి మరీ ఘోరం!" అనేసి, షమీమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. బాషా కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూనే. పెదనందిపాడు వచ్చేసరికి మిగిలిన మూడు జతల సంగతీ ఒక్కొక్కటే అడిగి చెప్పించుకున్నాడు.